మిడిల్‌వేర్: సర్వరులో అభ్యర్థన నడచు త్రోవ

పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన దినమున విద్యార్థి తన హాల్ టిక్కెట్టు సంఖ్యను ఫోనులో వ్రాసి ఒక మీటను నొక్కును. రెండుమూడు క్షణములలో మార్కుల పట్టిక కన్నులయెదుట నిలుచును. ఆ నొక్కుటకును ఈ కనబడుటకును నడుమ ఏమి జరిగినదని అడిగినచో 'సర్వరు పంపినది' అని అందరును చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని అది, అన్నము ఎక్కడనుండి వచ్చినదని అడిగినప్పుడు 'వంటయింటినుండి' అని చెప్పినట్టి సమాధానము. వంటయింటిలో బియ్యము కడుగుట, ఎసరు పెట్టుట, గంజి వార్చుట అను పనులున్నట్లే, సర్వరులోను ఒక అభ్యర్థన కొన్ని పనులగుండ వరుసగా నడచును. ఈ వరుసలో ఏది ముందు, ఏది తరువాత అనునది కేవలము అభిరుచికి సంబంధించిన విషయము కాదు. వరుస తప్పినచో ఒకరి మార్కులను మరొకరు దిద్దివేయవచ్చును. అది ఎట్లు సంభవించునో చూతము.

జావాస్క్రిప్టు భాషను 1995లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచుండిన బ్రెండన్ ఐక్ రూపొందించెను. అది ప్రధానముగా బ్రౌజరు లోపల, వెబ్ పుటలకు చలనము కల్పించుటకై పుట్టిన భాష. 2009లో రయన్ డాల్ అను యువకుడు, గూగుల్ వారి క్రోమ్ బ్రౌజరులో ఈ భాషను నడపు 'వి-ఎయిట్' అను యంత్రాంగమును వెలికి తీసి, దానికి ఫైళ్లను చదువు శక్తిని, ఇతర కంప్యూటర్లతో సంభాషించు శక్తిని జోడించి 'నోడ్' అను సాధనమును నిర్మించెను. అంతటినుండి బ్రౌజరులోని భాషయే సర్వరు నడుపుటకును విరివిగా వాడుకలోనికి వచ్చినది. అయితే నోడ్ ఇచ్చునది ముడిసరకు. ఏ చిరునామాకు వచ్చిన అభ్యర్థనకు ఏ సమాధానమీయవలెనో ప్రోగ్రాము వ్రాయువాడే మొదటినుండి చివరివరకు తేల్చుకొనవలెను. ఈ శ్రమను తగ్గించుటకై 2010లో టి.జె. హోలోవేచుక్ 'ఎక్స్‌ప్రెస్' అను చట్రమును వెలువరించెను. నేటికిని నోడ్‌పై సర్వర్లు వ్రాయువారిలో అనేకులు మొదట నేర్చుకొనునది ఈ చట్రమునే. దానికి వెన్నెముక మిడిల్‌వేర్.

'మిడిల్‌వేర్' అను మాట ఎక్స్‌ప్రెస్‌తో పుట్టినది కాదు. 1968లో జర్మనీలోని గార్మిష్ పట్టణమున సాఫ్ట్‌వేరు నిర్మాణమును గూర్చి ఒక సదస్సు జరిగినది. ఆ సదస్సు నివేదికలోనే ఈ పదము కనబడును. అక్కడ దాని అర్థము, కంప్యూటరు మౌలిక వ్యవస్థకును వాడుకదారుని ప్రోగ్రాములకును నడుమ నిలుచు పొర అని. ఎక్స్‌ప్రెస్‌లో దాని అర్థము ఇంకను ఇరుకైనది: అభ్యర్థన వచ్చుటకును సమాధానము పోవుటకును నడుమ నిలుచు ఒక ప్రమేయము. ప్రమేయమను మాటను గణితములో విద్యార్థులెరుగుదురు; కొన్ని విలువలను గ్రహించి ఒక పనిని నెరవేర్చునది. ప్రోగ్రాము వ్రాయువారు దీనినే ఫంక్షను అందురు.

మిడిల్‌వేర్ ప్రమేయము మూడు విలువలను గ్రహించును. మొదటిది అభ్యర్థన. అనగా ఎవరు, ఏ చిరునామాకు, ఏమి కోరి వ్రాసిరి అను వివరముల మూట. రెండవది సమాధానము. ఇది ఇంకను వ్రాయబడని కాగితము వంటిది. దీనిపై వ్రాసి పంపినది బ్రౌజరునకు చేరును. మూడవది 'నెక్స్ట్'. తెలుగులో 'తరువాత' అనవచ్చును. ఇది వరుసలోని తరువాతి ప్రమేయమును పిలుచు సాధనము. చూచుటకు ఈ మూడింటిలో ఇదే అల్పమైనది, ఎక్కువ పొరపాట్లకు తావిచ్చునదియు ఇదే.

తాలూకా కచేరీలో అర్జీ నడచు తీరును తలచుకొన్నచో ఈ విషయము సులభముగా బోధపడును. అర్జీ మొదట ఆవకపు గుమాస్తా బల్లమీదికి వచ్చును. ఆయన దానిపై తేదీ ముద్ర వేసి, పుస్తకములో ఎక్కించి, తరువాతి బల్లకు పంపును. రెండవ గుమాస్తా జతపరచిన కాగితములు సరిగా ఉన్నవా అని చూచును. లేనిచో అక్కడనే 'త్రోసివేయడమైనది' అని వ్రాసి అర్జీదారునకు త్రిప్పి పంపును. అర్జీ ఇక ముందుకు పోదు. అన్నియు సరిగా ఉన్నచో చిట్టచివర అధికారి బల్లకు చేరి, అక్కడ ఉత్తరువు వెలువడును. ప్రతి గుమాస్తాకును మూడు దారులు కలవు. తన పని చేసి ముందుకు పంపవచ్చును. తానే సమాధానము చెప్పి ముగింపవచ్చును. లేదా రెండును చేయక సొరుగులో పెట్టి ఊరకుండవచ్చును. మూడవ దారి కచేరీలలో అపురూపమైనది కాదని పాఠకులెరుగుదురు! మిడిల్‌వేర్ ప్రమేయము కూడ సమాధానమీయక, 'నెక్స్ట్'ను పిలువక ఊరకున్నచో, బ్రౌజరులో చక్రము తిరుగుచునే యుండును. తప్పు జరిగినదని ఎవరును చెప్పరు. తెరమీద ఏ దోషసూచనయు రాదు. కొంతసేపటికి విసిగి బ్రౌజరో, నడుమనున్న మరియొక యంత్రమో సంబంధమును త్రెంచివేయును.

ఇప్పుడొక పాఠశాలకు మార్కుల సర్వరును నిర్మించుచున్నట్లు ఊహింతము. విద్యార్థులు తమ మార్కులను చూడవచ్చును. ఉపాధ్యాయులు మాత్రమే వానిని నమోదు చేయవచ్చును, దిద్దవచ్చును. ఎక్స్‌ప్రెస్‌లో 'యూజ్' అను ఆజ్ఞతో ప్రమేయములను ఒక్కొక్కటిగా వరుసలో చేర్చుదురు. ఏ క్రమములో చేర్చిన ఆ క్రమముననే అభ్యర్థన వానిగుండ నడచును. చట్రము తనంతట తాను ఈ క్రమమును మార్చదు, ఇది తెలివైనదా కాదా అని విచారింపదు.

వరుసలో మొదటిది చిట్టా వ్రాయు ప్రమేయము. ఏ సమయమున ఏ చిరునామాకు అభ్యర్థన వచ్చినదో వ్రాసికొని 'నెక్స్ట్' అనును. ఇది మొదటనే ఉండవలెను. తరువాత ఎవరైనను అభ్యర్థనను త్రోసివేసినచో చిట్టాలోనికి ఎక్కకుండ పోవును గదా.

రెండవది వచ్చిన విషయమును విప్పి చదువునది. ఉపాధ్యాయుడు 'ఈ సంఖ్య గల విద్యార్థికి గణితములో 72' అని పంపినచో ఆ విషయము తంతిమీద అక్షరముల ప్రవాహముగా, ఒక్కొక్కప్పుడు ముక్కలు ముక్కలుగా వచ్చును. దానిని ప్రోగుచేసి, 'జేసన్' అను వ్రాతపద్ధతి ననుసరించి విడదీసి, అభ్యర్థన మూటలో 'బాడీ' అను పేరుతో అమర్చుట ఈ ప్రమేయము పని. ఇది లేనిచో తరువాతి ప్రమేయము ఎంత వెదకినను ఆ పేరున ఏమియు కనబడదు. క్రొత్తగా నేర్చుకొనువారిలో ఈ దెబ్బ తిననివారరుదు. అన్నియు సరిగా వ్రాసియు, ఈ విప్పుటను మార్కుల ప్రమేయమునకు తరువాత చేర్చి, ఏల పనిచేయదని గంటలకొలది తల పట్టుకొందురు. వంట అయిన తరువాత బియ్యము కడిగినట్లు! మరియొక సంగతి. ఈ ప్రమేయము మామూలుగా 100 కిలోబైట్లకు మించిన విషయమును అంగీకరింపదు. ఎవడో కొంటెవాడు కోట్లకొలది అక్షరములను పంపి సర్వరు స్మృతిని నింపివేయకుండుటకు ఈ హద్దు.

ఈ విప్పు ప్రమేయము చరిత్ర కొంచెము చిత్రమైనది. తొలి కూర్పులలో ఇట్టివి పెక్కు ఎక్స్‌ప్రెస్‌తోపాటే వచ్చెడివి. 2014లో వెలువడిన నాలుగవ కూర్పులో వానినన్నిటిని విడదీసి వేరువేరు పొట్లములుగా చేసిరి; నిలువ ఫైళ్లను అందించునది ఒక్కటే మిగిలినది. ప్రతివారును జేసన్ విప్పుదానిని బయటినుండి తెచ్చుకొనవలసి వచ్చుటచేత, 2017లో దానిని మరల లోపలికి తీసికొనిరి. ఏది చట్రములో నుండవలెను, ఏది బయట నుండవలెను అను వివాదము ఇట్టి పనులలో ఎన్నడును తెగదు.

మూడవ ప్రమేయము వచ్చినవారెవరో గుర్తించును. నాలుగవది వారికి అధికారమున్నదా అని చూచును. ఈ రెండును ఒకటే అని తోచవచ్చును, కాని కావు. 'నీవెవరో తెలియదు' అనుట వేరు, 'నీవెవరో తెలియును, కాని ఇది నీ పని కాదు' అనుట వేరు. వెబ్ వ్యవహారములో మొదటిదానికి 401 అను సంఖ్యను, రెండవదానికి 403 అను సంఖ్యను పంపుదురు. గుర్తించు ప్రమేయము తాను కనుగొన్న పేరును అభ్యర్థన మూటకే తగిలించి ముందుకు పంపును. గుమాస్తా అర్జీపై నోటు వ్రాసినట్లు, వెనుకవచ్చు ప్రమేయములన్నియు ఆ నోటును చదువుకొనవచ్చును. మిడిల్‌వేర్ పద్ధతిలో ఒకరు కనుగొన్న సంగతి మరొకరికి చేరు మార్గమిదియే. దీనినిబట్టి క్రమమెందుకు ముఖ్యమో తెలియును. నోటు వ్రాయకముందే చదువబోయినచో కాగితము ఖాళీగా నుండును.

చిట్టచివరిది మార్కులను దిద్ది 'సరే' అని సమాధానము పంపు ప్రమేయము.

ఇప్పుడు అధికారమును చూచు కావలి ప్రమేయమును కొంచెము నిదానముగా పరిశీలింతము. ప్రోగ్రాము వ్రాసినవాడు ఇట్లు వ్రాసెననుకొందము: వచ్చినవాడు ఉపాధ్యాయుడు కానిచో 403 సంఖ్యతో 'అనుమతి లేదు' అని సమాధానము పంపుము. తరువాతి పంక్తిలో: నెక్స్ట్. చదువుటకు ఇందులో దోషమేమియు కనబడదు. ఒక విద్యార్థి తన ఖాతాతో ప్రవేశించి, తన గణితపు మార్కు 32ను 92గా దిద్దుమని అభ్యర్థన పంపినాడు. వాని తెరమీద 'అనుమతి లేదు' అని వచ్చినది. పరీక్షించిన ఉపాధ్యాయుడును అది చూచి, కావలి చక్కగా పనిచేయుచున్నదని తృప్తిపడెను. కాని మరునాడు పట్టికలో 92 ఉన్నది.

ఇందులో మాయ ఏమియు లేదు. సమాధానమును పంపుట ప్రమేయమును ముగింపదు. ఉత్తరమును తపాలాపెట్టెలో వేసినంతమాత్రమున వేసినవాని కాళ్లు ఆగిపోవు గదా! ప్రమేయము ఆగవలెననినచో 'రిటర్న్' అను ఆజ్ఞను వ్రాయవలెను, లేదా షరతులోని 'లేనిచో' అను భాగములో 'నెక్స్ట్'ను ఉంచవలెను. పై ప్రమేయములో ఆ రెండును లేవు. కావున నిరాకరణ పంపిన మరుక్షణమే యంత్రము తరువాతి పంక్తికి వచ్చి, 'నెక్స్ట్'ను పిలిచి, మార్కులు దిద్దు ప్రమేయమును మేలుకొలిపినది. అది తన పని తాను చేసినది. చివరకు అది 'సరే' అని సమాధానము పంపబోవగా, ఆ అభ్యర్థనకు సమాధానము ఇదివరకే పోయినందున, 'హెడర్లు పంపిన తరువాత మరల వానిని మార్చరాదు' అను భావముగల దోషము సర్వరులో తలెత్తును. ఈ దోషసూచనను అనేకులు చిన్న చికాకుగా భావించి వదలివేయుదురు. నిజమునకది, కావలివాడు వద్దన్న తరువాతను ఎవరో లోపలికి పోయిరని చెప్పు కేక కావచ్చును.

దీనిని పాఠశాలలోని కంప్యూటరుపైననే పరీక్షింపవచ్చును. మార్కుల పట్టిక అక్కరలేదు. చివరి ప్రమేయములో ఒక సంఖ్యను ఒకటి చొప్పున పెంచి తెరపై ముద్రించునట్లు వ్రాసి, దానికి ముందు ఎవరు వచ్చినను 403 పంపి 'నెక్స్ట్'ను పిలుచు కావలిని ఉంచిన చాలును. బ్రౌజరులో ప్రతిసారి నిరాకరణయే వచ్చును; సర్వరు నడచు నల్లని కిటికీలో మాత్రము సంఖ్య పెరుగుచుండును. తరువాత నిరాకరణకు ముందు 'రిటర్న్' అను ఒక్క మాటను చేర్చి చూచినచో సంఖ్య నిలిచిపోవును. బ్రౌజరు తెరను మాత్రమే చూచి సర్వరును పరీక్షించుట ఎంత చాలనిదో విద్యార్థులకు బోధించుటకు ఇంతకంటె చవకయైన ప్రయోగము లేదు.

కావలి సరిగా వ్రాసినను, దానిని ఉంచిన చోటు సరికానిచో ఫలితము లేదు. ఎక్స్‌ప్రెస్‌లో ఒక సంచయమునందలి నిలువ ఫైళ్లను నేరుగా అందించు 'స్టాటిక్' అను మిడిల్‌వేర్ కలదు. అడిగిన ఫైలు ఆ సంచయములో ఉన్నచో అదియే సమాధానమిచ్చి ముగించును. లేనిచో 'నెక్స్ట్' అనును. ఫలితముల పట్టికను ఆ సంచయములో పెట్టి, స్టాటిక్‌ను కావలికంటె ముందు చేర్చినచో, ఫైలు పేరు ఊహించినవానికెల్ల అది దొరకును. కావలి అక్కడనే ఉండును, కాని దానివరకు ఎవరును రారు.

ఇక దోషముల సంగతి. నడుమ ఏ ప్రమేయములోనైనను ఆపద వాటిల్లినచో 'నెక్స్ట్'ను ఖాళీ చేతులతో పిలువక, దోష వివరమును దాని చేతికిచ్చి పిలువవలెను. అప్పుడు ఎక్స్‌ప్రెస్ వరుసలోని మామూలు ప్రమేయములనన్నిటిని దాటవేసి, దోషములను స్వీకరించు ప్రమేయమునొద్దకు నేరుగా పోవును. ఆ ప్రమేయమును అది ఎట్లు గుర్తించును? పేరునుబట్టి కాదు, అది గ్రహించు విలువల సంఖ్యనుబట్టి. మామూలు మిడిల్‌వేర్ మూడు విలువలను గ్రహించును, దోషమును స్వీకరించునది నాలుగింటిని: దోషము, అభ్యర్థన, సమాధానము, నెక్స్ట్. ఇందుచేత ఒక వింత తప్పు జరుగుటకు వీలున్నది. ప్రోగ్రామును శుభ్రపరచువాడు నాలుగవదియైన నెక్స్ట్ ఎక్కడను వాడబడలేదని గమనించి, అనవసరమని దానిని తీసివేయును. అంతటితో అది మూడు విలువల ప్రమేయమై మామూలు వరుసలో కలిసిపోవును. దోషములు దానిని దాటి పోయి, చట్రములో ముందే యుండు స్వీకర్తకు చేరును. ఆ స్వీకర్త, 'ప్రొడక్షన్' అని ప్రత్యేకముగా తెలుపనంతవరకు, ప్రోగ్రాములోని ఫైళ్ల పేర్లు, పంక్తుల సంఖ్యలు అన్నియు బ్రౌజరులో చూపును. ఇంటి తాళము చెడినదని వీథిలోని వారికందరికి చెప్పినట్లగును. విలువలను లెక్కించి స్వభావమును నిర్ణయించు ఈ పద్ధతి నేర్పుగలదే గాని, మెచ్చుకొనదగినదని చెప్పుట కష్టము.

డేటాబేసు వంటివానినుండి జాబు వచ్చుటకు కొంత కాలము పట్టును. అట్టి పనులను చేయు ప్రమేయములలో దోషము కలిగినచో, నాలుగవ కూర్పువరకు ఎక్స్‌ప్రెస్‌కు తనంతట తెలిసెడిది కాదు. వ్రాసినవాడే దోషమును పట్టుకొని 'నెక్స్ట్'కు అప్పగింపవలసి యుండెడిది. మరచినచో అభ్యర్థన సొరుగులోని అర్జీయై పోయెడిది. 2020లో వచ్చిన నోడ్ పదునైదవ కూర్పునుండి, ఎవరును పట్టుకొనని ఇట్టి దోషము సర్వరునే మొత్తముగా పడగొట్టుట మొదలైనది. 2024లో వెలువడిన ఎక్స్‌ప్రెస్ అయిదవ కూర్పు ఈ లోటును తీర్చినది. వాగ్దాన రూపమున వచ్చు దోషములను అదియే దోష స్వీకర్తకు పంపును.

కచేరీ పోలిక ఒకచోట సరిపోదు. కచేరీలో ప్రతి బల్లకును ఒక గుమాస్తా ఉండును. నోడ్ సర్వరులో జావాస్క్రిప్టును నడపు గుమాస్తా సాధారణముగా ఒక్కడే. అతడే ఈ బల్లనుండి ఆ బల్లకు తిరుగుచుండును. డేటాబేసు జాబునకై వేచియుండవలసి వచ్చినప్పుడు ఆ అర్జీని ప్రక్కన పెట్టి మరియొకదానిని చేతబట్టును. అందువలననే వేలకొలది అభ్యర్థనలకు ఒక్కడే చాలును. కాని ఏదైన మిడిల్‌వేర్‌లో ఆగకుండ చేయవలసిన పెద్ద లెక్క ఉన్నచో, అది ముగియువరకు అతడు తల యెత్తడు. రహస్యపదమును సరిచూచు లెక్కకు పావు సెకను పట్టుననియు, దానిని ఆగకుండ నడచు రీతిలో వ్రాసిరనియు అనుకొందము. ఫలితముల దినమున 200 మంది ఒక్కమారుగా వచ్చినచో చివరివానికి 50 సెకనులు పట్టును. ఆ 50 సెకనులలో, రహస్యపదముతో పనిలేక పాఠశాల చిరునామా మాత్రము చూడవచ్చినవాడును వారితోపాటు నిలుచుండవలసినదే. ఇట్టి లెక్కలను ప్రక్కనున్న సహాయక తంతువులకు అప్పగించు రీతులు నోడ్‌లో కలవు, వానినే వాడవలెను.

ఒక అభ్యర్థనకు ఎంత కాలము పట్టినదో కొలుచుట కూడ మిడిల్‌వేర్ పనియే. 'నెక్స్ట్'కు ముందు గడియారము చూచి, తరువాతి పంక్తిలో మరల చూచినచో సరిపోవునని తోచును. ఎక్స్‌ప్రెస్‌లో ఇది సరికాదు. వెనుకనున్న ప్రమేయము డేటాబేసునకు అడిగి వేచియుండగనే, 'నెక్స్ట్' తిరిగివచ్చివేయును; కొలిచిన కాలము నిజమునకంటె చాల తక్కువగా కనబడును. 2013లో ఎక్స్‌ప్రెస్ నిర్మాతలే ప్రారంభించిన 'కోవా' అను మరియొక చట్రములో ఈ త్రోవ వేరు. అందులో అభ్యర్థన దేవాలయ ప్రాకారములను ఒక్కొక్కటిగా దాటి గర్భగుడికి పోయి, ఆ గోపురములగుండనే వెలుపలికి వచ్చును. కావున ప్రతి మిడిల్‌వేర్‌కును పోవునప్పుడొకసారి, వచ్చునప్పుడొకసారి అవకాశము దొరకును. గడియారమును రెండుమారులు చూచుట అక్కడ చెల్లును. ఎక్స్‌ప్రెస్ వాడువారు మాత్రము, సమాధానము పూర్తిగా పంపబడినప్పుడు వెలువడు 'ఫినిష్' అను సంకేతమునకై ముందుగానే చెవియొగ్గి యుండి, అది వినబడినప్పుడు గడియారము చూడవలెను.